ఆవకాయ వెళ్లింది, మాట ఆగింది

మే నెల వచ్చిందంటే నూజివీడు చుట్టుపక్కల కొరియర్ ఆఫీసుల్లో అట్టపెట్టెలు పేరుకుంటాయి. కొత్తావకాయ, మామిడితాండ్ర, కందిపొడి డల్లాస్‌కో, న్యూజెర్సీకో, మెల్‌బోర్న్‌కో ప్రయాణం కడతాయి. ఇలా పెట్టెలు పంపే కృష్ణా జిల్లా ఉంగుటూరు మండలం గన్నవరం విమానాశ్రయానికి దగ్గర్లోనే ఉంది. ఆత్కూరు, తేలప్రోలు, పెదఆవుటపల్లి, ఏ ఊరు తీసుకున్నా విదేశాల్లో పిల్లలున్న ఇళ్లు కనబడతాయి. పచ్చడి క్షేమంగానే చేరుతోంది. మాటే కొన్ని ఇళ్లలో మధ్యలో తెగిపోతోంది.

తెగేది ఎక్కువగా ఎన్నికలప్పుడు. ఉంగుటూరు మండలం గన్నవరం నియోజకవర్గంలో ఉంది. 2019లో ఇక్కడ తెలుగుదేశం తరఫున వల్లభనేని వంశీ, వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున యార్లగడ్డ వెంకట్రావు పోటీపడ్డారు. వంశీ 838 ఓట్లతో గట్టెక్కారు. 2024లో మళ్లీ ఆ ఇద్దరే ఎదురెదురు నిలిచారు, కాకపోతే జెండాలు అటువి ఇటయ్యాయి. ఈసారి వెంకట్రావు గెలిచారు. మొదటి ఎన్నికలో ఒక నాయకుడి కోసం మేనమామతో మాట పట్టింపుకు పోయిన కుర్రాడు, రెండో ఎన్నికలో అదే నాయకుణ్ణి తిట్టాల్సి వచ్చింది. నాయకులు పార్టీ మారినంత తేలిగ్గా మేనమామకు మళ్లీ ఫోన్ చేయడం కుదరదు.

దూరాన ఉన్నవాళ్లకు ఆసక్తి తక్కువేం కాదు. 2024 జూన్ 4 ఉదయం 8 గంటలకు ఇక్కడ ఓట్ల లెక్కింపు మొదలైనప్పుడు డల్లాస్‌లో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. తెల్లవార్లూ టీవీల ముందు కూర్చున్నవాళ్లు ఎందరో. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు ఫారం 6ఏ నింపి సొంతూరి జాబితాలో పేరు చేర్చుకోవచ్చు గానీ, ఓటు వేయాలంటే మనిషి వచ్చి బూత్‌లో నిలబడాల్సిందే. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారికి ఆ అవకాశమూ లేదు. ఓటు వేయలేనివారికి మిగిలేది వాదించడమే. ఆ వాదన జరిగే చోటు ఫ్యామిలీ గ్రూప్.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు రాజకీయాల మీద అరుచుకున్నా మర్నాడు తోటకు మందు కొట్టే మనిషి కోసం ఒకరినొకరు అడగక తప్పదు. నాలుగు రోజుల్లో ఏదో పెళ్లో, పెద్దకర్మో వస్తుంది, ఒకే బంతిలో కూర్చుంటారు. దూరాన ఉన్నవారికి ఈ మిగతా వ్యవహారమంతా అందదు, గొడవ ఒక్కటే అందుతుంది. పైగా గ్రూప్‌లో బాబాయిని తప్పుపట్టడమంటే ఆయన కోడళ్లు, అల్లుళ్లు, వియ్యాలవారు చూస్తుండగా తప్పుపట్టడం. అరుగు మీద నవ్వేసి ఊరుకునే పెద్దాయన అక్కడ ఊరుకోలేడు. పుకార్లకు కళ్లెం వేయడానికి వాట్సాప్ 2018లో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. అప్పటికే పదేపదే చేతులు మారిన సందేశాన్ని 2020 నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. పుకారు వేగం తగ్గింది నిజమే. నలుగురిలో పోయిన పరువుకు మాత్రం ఏ కట్టడీ పనికిరాదు.

బంధువులు దూరమవడం అమెరికాతో మొదలైంది కాదు. 1950లలో తుంగభద్ర నీళ్లు పారాక కోస్తా రైతులు కర్ణాటకలోని సింధనూరు, గంగావతి ప్రాంతాలకు వెళ్లి భూములు కొన్నారు. వాళ్ల ఊళ్లను ఇప్పటికీ ‘క్యాంపు’లనే పిలుస్తారు. అప్పట్లో వాళ్లకూ ఇక్కడివాళ్లకూ మధ్య ఉత్తరాలే నడిచేవి. ముందు క్షేమం, తర్వాత పంట, ఆ తర్వాత సంబంధాలు, చివర చోటుంటే రాజకీయం. జవాబు రావడానికి పట్టే రోజుల్లో కోపం సగం చల్లారేది. ఆ వరస ఫోన్‌లోనూ సాధ్యమే. గ్రూప్‌ను శుభకార్యాలకూ ఆరోగ్యాలకూ వదిలేసి, రాజకీయం మాట్లాడాలనిపిస్తే ఆ ఒక్క మనిషికే ఫోన్ చేసి, ముందు మోకాళ్ల నొప్పి గురించీ తోట కాపు గురించీ అడిగే కుటుంబాల్లో మాట నిలుస్తోంది.

మతం ఇంకా సున్నితం. పెదఆవుటపల్లిలో క్యాథలిక్ భక్తుడు బ్రదర్ జోసెఫ్ తంబి సమాధి ఉంది. ఆయన 1945 జనవరి 15న కన్నుమూశారు. ఏటా సంక్రాంతి రోజుల్లోనే అక్కడ ఉత్సవాలు జరుగుతాయి, వేరే మతాలవారూ వస్తారు. ఒకే కుటుంబంలో కొందరు భోగిమంట దగ్గర, కొందరు తంబిగారి సమాధి దగ్గర ఉంటే, దూరాన ఉన్నవారు ఆ రెండు చోట్లకూ ఫోన్ చేయడంలో ఇబ్బందేమీ లేదు. ఎవరి దేవుడు నిజమని అడిగినప్పుడే ఇబ్బంది.

ఆ ప్రశ్ననూ మర్యాదగా అడగవచ్చని ఈ జిల్లాలోనే ఒకరు చూపించారు. గోపరాజు రామచంద్రరావు, అందరికీ తెలిసిన పేరు గోరా. జంధ్యం వదిలేసినందుకు 1928లో తండ్రి ఆయన్ను ఇంట్లోంచి పంపేశారు. 1940లో ఉయ్యూరు దగ్గరి ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. దేవుడనే మాటను ఏ అర్థంలో వాడుతున్నారని అడుగుతూ గాంధీకి 1930లోనే ఉత్తరం రాశారు. గాంధీ జవాబిచ్చారు. తర్వాతి కాలంలో సేవాగ్రాంలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. ఒకరి నమ్మకానికి మరొకరు లొంగలేదు. అయినా గోరా పెద్దకూతురు మనోరమను దళితుడైన అర్జునరావుకిచ్చి పెళ్లి చేయడానికి గాంధీ ఒప్పుకున్నారు, ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు చెప్పించడానికీ సరేనన్నారు. ఆ పెళ్లి చూడకుండానే గాంధీ హత్యకు గురయ్యారు. అనుకున్న పెళ్లి అనుకున్న చోటే, సేవాగ్రాం ఆశ్రమంలో, 1948 మార్చిలో జరిగింది.