అక్షింతల పురుగు చేసిన మేలు

క్రిందటి వేసవిలో ఇక్కడ కాలిఫోర్నియాలో మా పెరటి నిమ్మచెట్టు కొమ్మలకు తెల్లటి దూది పింజల్లాంటివి పట్టాయి. ఆకుల మీద జిగురు, దానిపై మసి, కాండం మీద చీమల బారు. గుంటూరు జిల్లా పత్తి చేలల్లో పెరిగినవాళ్ళం కనుక మాకు తోచింది ఒకటే: మందు కొట్టడం. సీసా కొనుక్కొచ్చాం. తీరా మూత తీయబోతుంటే మా అమ్మాయి కొమ్మ మీద ఎర్రటి చిన్న పురుగును చూపించింది. చూస్తే అక్షింతల పురుగు! సీసా పక్కన పెట్టి దాని సంగతి చదివాం. మన కుటుంబాలవారికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

ఆ దూది ఒక రకం పొలుసు పురుగుది. 1868 ప్రాంతంలో ఆస్ట్రేలియా మొక్కలతోపాటు ఇక్కడికి చేరింది. 1880ల నాటికి నారింజ తోటలు ఎండిపోసాగాయి. దీన్ని తినే పురుగు దాని స్వదేశంలోనే ఉండాలని వ్యవసాయ శాఖ కీటక శాస్త్రవేత్త సి.వి. రైలీ తలచాడు. కాని ఆ శాఖకు విదేశ ప్రయాణానికి డబ్బు లేదు. అందుచేత 1888లో మెల్‌బోర్న్ ప్రదర్శనకు వెళ్ళే బృందంలో ఆల్బర్ట్ కోబెల్‌ను చేర్చి పంపారు. ఆయన మొదట పంపిన అక్షింతల పురుగులు 129 మాత్రమే. లాస్ ఏంజిలిస్‌లో ఒక నారింజ చెట్టుకు గుడారం కట్టి వాటిని లోపల వదిలారు. 1889 జూన్ నాటికి పదివేలకు పైగా పురుగుల్ని రైతులకు పంచగలిగారు. త్వరలోనే తోటలు కోలుకున్నాయి. తరువాత మన నీలగిరుల్లోనూ ఈ పొలుసు పురుగు కనిపిస్తే ఇదే అక్షింతల పురుగును తెప్పించి వదిలారు.

కథ అక్కడితో ముగియలేదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఈ తోటల్లో డి.డి.టి. చల్లితే అక్షింతల పురుగులు చచ్చాయి, పొలుసు పురుగు మళ్ళీ విజృంభించింది. ఇది చదువుతుంటే మాకు 1987-88 గుర్తుకొచ్చింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తికి మందు మీద మందు కొట్టారు. తెల్లదోమ తగ్గలేదు, పెరిగింది. దాన్ని తినే పురుగులు ముందే పోయాయి. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న రైతుల వార్తలు ఆనాడు ఇంటి ఉత్తరాల్లో చదివి బాధపడ్డాం. తప్పు రైతుదని మేమనం. పురుగుల్లో మనవాళ్ళెవరో అతనికి చెప్పినవారు తక్కువ, మందు అమ్మినవారు ఎక్కువ.

మా చెట్టుకు మేం చేసింది ఇంతే. చీమలు ఎక్కకుండా కాండం చుట్టూ జిగురు పట్టీ కట్టాం, ఎందుకంటే చీమలు తీపి జిగురు కోసం పొలుసు పురుగుకు కాపలా కాస్తాయి, అక్షింతల పురుగును దగ్గరకు రానివ్వవు. బాగా పట్టిన రెమ్మలు కోసేశాం. తరువాత ఓపిక పట్టాం. నెల దాటేసరికి దూది చాలావరకు పోయింది.

ఒక్క మాట. అక్షింతల పురుగు పిల్లకు తల్లి పోలికలుండవు. పొడుగ్గా, కాళ్ళతో పాకుతూ, చూడగానే నలిపేయాలనిపిస్తుంది. నలపకండి. ఆకలి ఎక్కువ దానికే.