గుంటూరు కుగ్లరు దొరసానిగారు

పూర్వము మన తెలుగుసీమలో ప్రసవవేదన పడు స్త్రీకి మంత్రసానియే దిక్కు. బిడ్డ అడ్డము తిరిగినచో తల్లియు బిడ్డయు నశించుట తరచుగా జరుగుచుండెను. ఘోషా స్త్రీలు పురుషవైద్యుని యెదుటికి రారు. స్త్రీవైద్యులా మిక్కిలి అరుదు.

అట్టి కాలమున, 1883లో, అన్నా సారా కుగ్లరు దొరసానిగారు అమెరికానుండి గుంటూరు వచ్చిరి. వారు 1856లో పెన్సిల్వేనియాలో జన్మించి, 1879లో అచ్చటి స్త్రీల వైద్య కళాశాలలో పట్టము పొందినవారు. అయినను లూథరను స్త్రీల మిషను సంఘమువారు, వైద్యపనికి తాము ఇంకను సిద్ధముగా లేమని చెప్పి, స్త్రీలకు చదువు చెప్పు పనికే వారిని పంపిరి. దొరసానిగారు అలుగలేదు. ఇచ్చిన పని చేయుచునే రోగులకు మందు లిచ్చుచుండిరి. కొందరు మైలయని వారిని తాకనొల్లకున్నను పని మానలేదు. తుదకు 1885లో సంఘమువారే వారిని వైద్యురాలిగా నియమించిరి.

1897లో గుంటూరున స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరువబడెను. అందు శస్త్రచికిత్సలును కష్టప్రసవములును జరుగుచుండెను. ప్రభుత్వమువారు 1905లో కైజర్-ఇ-హింద్ పతక మిచ్చిరి. నలువదియేడేండ్లు సేవచేసి 1930లో గుంటూరులోనే కన్నుమూసిరి. ఆసుపత్రికి వారి పేరే నిలిచినది.

తల్లిదండ్రులారా! నొప్పులు కష్టమైనచో తెల్లవారువరకు చూతమని జాగుచేయక ఆసుపత్రికి కొనిపొండు. ఆడుపిల్లను బడి మాన్పింపకుడు. ఒక బాలిక చదువు ఎందరు తల్లులను బ్రదికింపగలదో గుంటూరు చూచినది.