ఇంటి కప్పుమీద ఎండ పంట

గుజరాత్‌లోని మొఢేరా పేరు చెప్పగానే పదకొండవ శతాబ్దంలో సోలంకీ రాజులు కట్టించిన సూర్యదేవాలయం గుర్తుకు వస్తుంది. ఆ గుడిలో నేడు పూజలు లేవు. అయినా సూర్యుడు ఆ ఊరికి సేవ చేయడం మానలేదు. 2022 అక్టోబరులో దానిని అహోరాత్రులూ సౌరవిద్యుత్తుతో నడిచే మొదటి భారతీయ గ్రామంగా ప్రకటించారు. వేయికి పైగా ఇళ్లమీద ఒక్కొక్క కిలోవాటు పలకలు వెలిశాయి. ఆ వ్యయమంతా ప్రభుత్వానిదే. సొంత డబ్బు పెట్టవలసిన గృహస్థుని లెక్క వేరు.

కిలోవాటు పలకలకు నీడ సోకని వంద చదరపుటడుగుల చోటు కావాలి. మన దేశపు ఎండకు అవి రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. మూడు కిలోవాట్లకు నెలకు మూడు వందల యూనిట్లు ధారాళంగా వస్తాయి. 2024లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం అంచనా ప్రకారం వీటి ఖరీదు 1,45,000 రూపాయలు. సబ్సిడీ 78,000 పోగా మిగిలేది 67,000. అంగడి ధర ఇంతకు మించవచ్చుననుకోండి. యూనిట్‌కు ఆరు రూపాయలు ఆదా అయితే నెలకు 1,800. మూడేళ్లు దాటగానే పెట్టుబడి తిరిగి వస్తుంది. పలకల ఆయుర్దాయం పాతికేళ్లు. మధ్యలో ఒకసారి ఇన్వర్టరు మార్చవలసి రావచ్చు.

ఇంత లాభసాటి బేరం అందరిదీ కాదు. ఎయిర్ కండిషనర్లు తిరిగే ఇంట కరెంటు ఖరీదైన శ్లాబులోకి పోతుంది గనుక ఆదా ఎక్కువ. రెండు దీపాలు, ఒక ఫ్యానుతో సరిపెట్టుకునే సంసారానికి బిల్లే తక్కువ, ఇక మిగిలేదెంత? పైగా అద్దె ఇంటివారికి కప్పే లేదు. బిల్లు చూసి బెంగపడేవారికే ఈ పంట అందకపోవడం విచారకరం.

చాలామందికి ఆలస్యంగా తెలిసే సంగతి మరొకటి ఉంది. బ్యాటరీ లేని సాధారణ ఏర్పాటులో వీధి కరెంటు పోతే, మిట్టమధ్యాహ్నమైనా ఇంటి కరెంటూ ఆగిపోతుంది. ఇది లోపం కాదు. ఇంటినుండి తీగలోకి విద్యుత్తు పారితే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. పగలు మిగిలినది తీగలోకి పంపి, రాత్రి వాడుకున్నదానితో సరిచూసుకొనే పద్ధతే నెట్ మీటరింగ్.

ఎండ మండినకొద్దీ రాబడి పెరుగుతుందనుకోవడమూ పొరపాటే. పలకలు వేడెక్కితే దిగుబడి తగ్గుతుంది. దుమ్ము పేరుకున్నా అంతే. అప్పుడప్పుడు నీళ్లతో కడగాలి. అన్నిటికన్న పెద్ద శత్రువు నీడ. వరుసలో ఒక్క పలకపై నీటితొట్టి నీడ పడినా మొత్తం వరుస నీరసించవచ్చు. కొనేముందు ఉదయం తొమ్మిదింటికీ, సాయంత్రం మూడింటికీ మేడమీద నిలబడి చూసుకోవాలి. పక్కింటివారు మరో అంతస్తు లేపే ఆలోచనలో ఉన్నారేమో, అదీ ముందుగానే అడిగి తెలుసుకోవాలి.