అప్పీలునకు గడువెంత?

తీర్పు నకలు చేతికందిన నాటినుండియే అప్పీలు గడువు మొదలగునని పలువురు తలచుట మేము తరచు వినుచున్నాము. అది సరికాదు. 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి సాధారణ సివిలు దావాలలో గడువు డిక్రీ తేదీనుండి నడచును: హైకోర్టునకు 90 దినములు, జిల్లా కోర్టు వంటి ఇతర న్యాయస్థానములకు 30 దినములు. తీర్పు చెప్పిన దినమును మాత్రము లెక్కింపరు.

నకలు సిద్ధమగుటకు పట్టిన కాలమును చట్టము మినహాయించును. అయితే ఆ మినహాయింపు దరఖాస్తు పెట్టిన తరువాతనే! 30 దినముల గడువులో 20 దినములు ఇంట కూర్చుండి, పిదప దరఖాస్తు పెట్టినవారికి నకలు వచ్చిన పిమ్మట మిగులునవి పదియే. కావున తీర్పు వెలువడిన మరునాడే నకలు కోరుట మేలని మా అభిప్రాయము.

తుది దినమున కోర్టునకు సెలవైనచో తిరిగి తెరచిన దినమున దాఖలు చేయవచ్చును. గడువు దాటినను, తగిన కారణము చూపి ఆలస్యమును మన్నింపుమని వేడవచ్చును. మన్నించుట న్యాయాధిపతి విచక్షణకు లోబడినది.