కారాగార సిబ్బంది నడుమ ఘర్షణలు: మూలాలు, నిర్వహణ

కీలకపదాలు: కారాగారం, వార్డరు, డ్యూటీ చార్టు, క్రమశిక్షణ, మధ్యవర్తిత్వం.

1. ఉపోద్ఘాతం

జైలు జీవితాన్ని గురించిన చర్చల్లో ఖైదీ స్థితిగతులకే ప్రాధాన్యం ఉంటుంది. అది న్యాయమే. అయితే అవే గోడల నడుమ ఉద్యోగం చేసే వార్డర్లు, హెడ్ వార్డర్లు, జైలర్లు, వైద్యులు, సంక్షేమాధికారులు తమలో తాము ఎలా మెలగుతున్నారన్న విషయానికీ ఖైదీ భద్రతకూ నేరుగా సంబంధం ఉంది. సిబ్బంది నడుమ మాటలు లేనిచోట ఒక ఖైదీ అనారోగ్యం గురించిన సమాచారం గాని, అతడు ఆత్మహత్యకు పాల్పడవచ్చన్న అనుమానం గాని ఒక షిఫ్టు నుంచి మరో షిఫ్టుకు చేరకపోవచ్చు. ఈ తగవులను వ్యక్తుల స్వభావదోషాలుగా భావించడం పరిపాటి. వాటిలో చాలావాటికి మూలం పని ఏర్పాటులోనే ఉందని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఘర్షణ పుట్టే చోట్లు

జాతీయ నేర నమోదు సంస్థ (ఎన్.సి.ఆర్.బి.) 2022 గణాంకాల ప్రకారం దేశంలోని కారాగారాలు తమ సామర్థ్యంలో 131.4 శాతం మేరకు నిండి ఉన్నాయి. మంజూరైన సిబ్బంది పోస్టుల్లో దాదాపు 30 శాతం ఖాళీలే. ప్రతి ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి ఉండాలని 2016 నాటి నమూనా కారాగార నియమావళి సూచించింది. కాగితం మీది ఈ లోటు జైలులో డ్యూటీ చార్టు రూపంలో కనిపిస్తుంది. వరుసగా రాత్రి డ్యూటీలు ఎవరికి పడ్డాయి, పండుగనాడు సెలవు ఎవరికి దొరికింది, ఎండలో వాచ్ టవర్ ఎవరికి, నీడపట్టున ఆఫీసు పని ఎవరికి అన్న లెక్కలు సిబ్బందికి కంఠతా ఉంటాయి. చార్టు వేసినవారు పక్షపాతం చూపకపోయినా, ఏ ప్రాతిపదికన వేశారో తెలియనప్పుడు అది పక్షపాతంగానే తోస్తుంది.

షిఫ్టు మారే సమయం మరింత సున్నితమైనది. ఖైదీల లెక్క సరిపోయి, తాళాలు చేతులు మారేదాకా పాత షిఫ్టువారు కదలడానికి వీలుండదు. రావలసినవారు అరగంట ఆలస్యమైతే ఆ అరగంట మరొకరి నిద్రలోంచి పోతుంది. నిషిద్ధ వస్తువేదైనా దొరికితే, అది ఎవరి షిఫ్టులో లోపలికి వచ్చిందన్న వాదన మొదలవుతుంది. జైలును ఆనుకొని ఉన్న క్వార్టర్లలో కాపురముండేవారికి ఈ తగవు గేటు దగ్గర ఆగదు, సాయంత్రానికి ఇళ్ల మధ్యకు చేరుతుంది.

వృత్తిదృష్టుల భేదం మరొక మూలం. ఖైదీని బయటి ఆసుపత్రికి పంపాలని వైద్యుడు అంటాడు, ఎస్కార్టు లేదని జైలరు అంటాడు. ఇద్దరూ తమ విధినే నిర్వర్తిస్తున్నారు.

3. క్రమశిక్షణ చాటున మౌనం

దీర్ఘకాలంగా దేశంలో జైళ్ల పాలనకు ఆధారమైన 1894 నాటి కారాగారాల చట్టం, విధి ఉల్లంఘించిన కిందిస్థాయి ఉద్యోగికి 200 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించింది (సెక్షన్ 54). ఒక ఉద్యోగి తప్పిదాన్ని గుర్తించే ఈ దృష్టికి ఇద్దరు ఉద్యోగుల మధ్య తగవు కనిపించదు. అందుచేత ఫిర్యాదు చేసినవాడే క్రమశిక్షణ లేనివాడుగా మిగిలే ప్రమాదం ఉంది. మెమో, బదిలీ అన్నవి పరిష్కారాలుగా చలామణి అవుతాయి. బదిలీతో మనిషి మారతాడు, చార్టు మారదు.

కాపలాదారు తన బ్యారక్ ప్రశాంతంగా ఉండడానికి ఖైదీల సహకారంపైనే ఆధారపడతాడని, ఆ క్రమంలో అతని అధికారం పలచబడుతుందని గ్రెషమ్ సైక్స్ 1958లో అమెరికాలోని ఒక జైలుపై చేసిన అధ్యయనంలో వివరించాడు. సహోద్యోగి తోడు లేని వార్డరు ఇంకెంత ఆధారపడవలసి వస్తుందో ఊహించడం కష్టం కాదు. సిబ్బందిలో వర్గాలున్న సంగతి ఖైదీలకు తెలియకుండా ఉండదు.

4. నిర్వహణ

మేరీ పార్కర్ ఫాలెట్ 1925లో ఘర్షణను ఎదుర్కొనే మార్గాలు మూడని చెప్పింది: ఒకరు మరొకరిపై గెలవడం, ఇద్దరూ కొంత వదులుకోవడం, ఇద్దరి అసలు అవసరాలూ తీరే కొత్త ఏర్పాటు కనిపెట్టడం. యూనిఫాం ఉన్నచోట మొదటిది సులభం. మూడోదానికి ఓపిక కావాలి. చార్టును నెల ముందే నోటీసు బోర్డులో పెట్టి, మార్పులకు కారణం రాసి సంతకం చేయడం, షిఫ్టు అప్పగింతలో ఖైదీల లెక్కతోపాటు అస్వస్థుల వివరాలనూ రిజిస్టరులో నమోదు చేయడం వంటివి ఖర్చులేని పనులు. ఎస్కార్టు వివాదంలో ఎంతటి అత్యవసరానికి ఎవరి మాట చెల్లుతుందో ముందే రాతపూర్వకంగా నిర్ణయించుకోవచ్చు.

అన్నిటినీ రాజీకి తేవడం మాత్రం ప్రమాదకరం. లైంగిక వేధింపును, కులదూషణను 'మనలో మనం' సర్దుకోవలసిన తగవులుగా చూడరాదు. మొదటిదానికి 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉంది, రెండోది బాధితులు షెడ్యూల్డ్ కులాల, తెగలవారైనప్పుడు 1989 చట్టం పరిధిలోకి వస్తుంది.

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 76వది హింసాత్మక ఖైదీల విషయంలో సంప్రదింపులు, మధ్యవర్తిత్వం వంటి మెలకువలను సిబ్బందికి నేర్పాలంటుంది. అవే మెలకువలు సహోద్యోగుల మధ్య తగవుకూ పనికివస్తాయి. చంచల్‌గూడలోని రాష్ట్ర కారాగార శిక్షణ సంస్థలోనో, వేలూరు అకాడమీలోనో హెడ్ వార్డర్ల చేత నిజమైన ఒక నెల చార్టును వేయించి, దానిపై వచ్చే అభ్యంతరాలకు వారి చేతనే సమాధానం చెప్పించడం ఇందుకు తగిన అభ్యాసం. చార్టును రోజూ సిబ్బంది ముందు సమర్థించుకోవలసినది వారే.