5.4 దండసర్పిల గెలాక్సీలు: వాయు ప్రవాహం, నక్షత్రాల పుట్టుక

చల్లని, సాంద్రమైన వాయు మేఘాలు తమ గురుత్వాకర్షణ వల్లనే కుంచించుకుపోయి నక్షత్రాలుగా మారతాయని గత విభాగంలో తెలుసుకున్నారు. అలాగైతే వాయువు ఎక్కువగా ఉన్న ప్రతి చోటా నక్షత్రాలు కూడా ఎక్కువగా పుట్టాలి కదా అని మీకు అనిపించవచ్చు. అది నిజం కాదని దండసర్పిల గెలాక్సీలు చూపిస్తాయి.

కొన్ని సర్పిల గెలాక్సీలలో కేంద్రం గుండా నక్షత్రాలు కడ్డీ ఆకారంలో బారుగా అమరి ఉంటాయి. దీన్నే దండం అంటారు. సర్పిల భుజాలు సాధారణంగా దాని కొనల నుంచి మొదలవుతాయి. మన పాలపుంత కూడా ఈ రకానికే చెందుతుంది.

దండమంతా ఒకే కోణీయ వేగంతో తిరుగుతుంది. దాని పరిధిలోని వాయువు అంతకంటే వేగంగా తిరుగుతూ, వెనుక నుంచి వచ్చి దండాన్ని దాటుతుంది. నక్షత్రాలు ఒకదానికొకటి ఎంతో దూరంలో ఉంటాయి కనుక ఢీకొనకుండా సాగిపోతాయి. వాయువుకు ఆ వెసులుబాటు లేదు. వాయు ప్రవాహాలు ఒకదానితో ఒకటి ఢీకొని, దండం ముందు అంచు వెంట అఘాత తరంగాలు ఏర్పడతాయి. ఛాయాచిత్రాలలో దండం పొడవునా కనిపించే నల్లని ధూళి చారలు వీటి గుర్తులే. ఇక్కడ వాయువు శక్తిని కోల్పోతుంది. దండం గురుత్వాకర్షణ దాని కోణీయ ద్రవ్యవేగాన్ని తగ్గిస్తుంది. ఫలితంగా వాయువు కేంద్రం వైపు జారుతుంది.

ఈ చారలలో వాయువు సాంద్రత ఎక్కువే. అయినా సాధారణంగా అక్కడ నక్షత్రాలు తక్కువగానే పుడతాయి. కారణం, పక్కపక్కనే ఉన్న వాయువు పొరల వేగాలలో పెద్ద తేడా ఉండటం. ఒకరు పరుగెత్తుతూ, మరొకరు నడుస్తూ చేయీ చేయీ పట్టుకొని ఉండలేరు. అలాగే మేఘం కుంచించుకునే లోపే సాగి చెదిరిపోతుంది.

కేంద్రానికి దగ్గరలో ఈ వాయువు వలయంగా పోగై, దాదాపు వృత్తాకార కక్ష్యలలో కుదురుకుంటుంది. అప్పుడు నక్షత్రాలు జోరుగా పుడతాయి. సుమారు 4.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 1097 ఇందుకు మంచి ఉదాహరణ. దాని కేంద్రం చుట్టూ సుమారు 5,000 కాంతి సంవత్సరాల వ్యాసం గల వలయం కొత్త నక్షత్రాలతో వెలుగుతోంది.

అయితే వాయువు కేంద్రానికి చేరితే చాలునని అనుకోకండి. పాలపుంత కేంద్ర ప్రాంతంలో సాంద్ర వాయువు పుష్కలంగా ఉంది. కానీ ఆ వాయు రాశిని బట్టి వేసే అంచనాలో సుమారు పదో వంతు రేటుతోనే అక్కడ నక్షత్రాలు పుడుతున్నాయి. వాయువులోని తీవ్రమైన అల్లకల్లోల చలనం దీనికి ఒక ముఖ్య కారణమని భావిస్తున్నారు.

కనుక గెలాక్సీలో వాయువు ఎంత ఉందని అడిగి ఆగకండి. అది ఎలా కదులుతోందని కూడా అడగండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. దండాన్ని దాటేటప్పుడు నక్షత్రాల ప్రవర్తనకూ, వాయువు ప్రవర్తనకూ తేడా ఏమిటి?
2. ధూళి చారలలో వాయువు ఉన్నా నక్షత్రాలు ఎందుకు తక్కువగా పుడతాయి?