సాహసానికి తాకట్టు ఎవరిది?

మామిడి పూత మీద ఉండగానే తోటను బేరమాడే వ్యాపారి నూజివీడు ప్రాంతంలో అందరికీ పరిచితుడే. మంచుకు పూత మాడినా, గాలివానకు కాయ రాలినా అతని పెట్టుబడి నేలపాలే. అయినా మరుసటి ఏడు మళ్లీ తోట పడతాడు. దానిని మనం సాహసమని మెచ్చుకుంటాం. ఆ సాహసం వెనుక ఉన్న సొంత భూమినీ, బంధువుల చేబదులునూ, నోటిమాట మీద దొరికే అడ్వాన్సునూ మాత్రం లెక్కించం.

అదే తోటలో కాయ కోసే దళిత కూలీ బిడ్డ నూజివీడు త్రిపుల్ ఐటీలో చదివాడనుకుందాం. 2008లో ఆ విద్యాసంస్థ గ్రామీణ విద్యార్థుల కోసమే పుట్టింది. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారి గ్రేడ్ పాయింట్లకు అప్పట్లో 0.4 కలిపి ప్రవేశం కల్పించడం సామాజిక అసమానతను అంకెలలో ఒప్పుకోవడమే. ఆరేళ్ల తరువాత ఒక చేతిలో కార్పొరేట్ సంస్థ నియామక పత్రం, మరో చేతిలో మామిడి గుజ్జు పరిశ్రమ పెట్టాలన్న ఆలోచన. అప్పుడు అతనికి ఆ 0.4 కలిపేవారెవరు?

గుజ్జు వ్యాపారంలో సరుకంతా వేసవి రెండు నెలల్లోనే కొనాలి, అమ్మకం ఏడాది పొడవునా సాగుతుంది. రసాలు నిలవ ఉండే పండు కాదు, రైతు డబ్బు కోసం ఆగడు. కనుక యంత్రాల కన్నా ముందు కావలసింది చేతి నిండా పైకం, మార్కెట్లో పరపతి. ఆ పరపతి మన దగ్గర చాలావరకు కులం వెంటే నడుస్తుంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పోగుపడిన వ్యవసాయ మిగులు రైసు మిల్లులుగా, సినిమాలుగా, కాలేజీలుగా మారింది. ఆ నీరు ఎవరి పేరనున్న పొలాలను తడిపిందో వేరే చెప్పాలా?

2016లో వచ్చిన స్టాండప్ ఇండియా ఎస్సీ, ఎస్టీలకూ, మహిళలకూ 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు రుణమిస్తామంది. మంచి పథకమే. లబ్ధిదారు వాటా 25 శాతం పెట్టారు, 2021లో 15కు తగ్గించారు. పది లక్షల ప్రాజెక్టుకైనా లక్షన్నర. రోజుకూలీ మీద బతికే ఇంటికి అది చిన్న మొత్తమా?

ఇక ఉద్యోగం ఎంచుకొన్న ఆ యువకుడికి ‘రిస్కు తీసుకునే గుణం లేదు’ అని ఉపన్యసించే పెద్దలున్నారు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేకుండానే ఉద్యోగం తెచ్చుకొన్నవాడతను. మొదటి జీతం వడ్డీకి, రెండవది చెల్లెలి ఫీజుకు ముందే లెక్క కట్టిన ఇల్లు అతనిది. వ్యాపారం మునిగితే తండ్రి మళ్లీ తోటకు పోవాలి, యజమానిగా కాదు.